ఎన్ని పట్టెలు?

సీతారామపురం దాటాక, వెలిగొండల కింద
బస్సు ఆగని చోట ఆపించుకుని దిగాను.
సంచిలో స్కేలు, కొలత టేపు,
పద్దెనిమిది గడుల ఫారం,
అడుగున ఎవరికీ చూపించని ఆశ ఒకటి.

తుపాకుల అంకమ్మ చూసిందట, కలివికోడిని.
అమావాస్య ముందు రాత్రి
తప్పిపోయిన మేకపిల్లను వెతుకుతుంటే
టార్చి వెలుతురు అంచున నిలబడిందట.

"ఎంత దూరం?"
"ఆ గుండు కాడ్నించి ఈ గుండుకి."
టేపు పరిచాను. పదకొండు మీటర్లు.
"బ్యాటరీలు కొత్తవా?"
"పాతవే సామీ. ఎండబెట్టి ఏసినా."
రాసుకున్నాను.
"రొమ్ము మీద పట్టెలు రెండున్నాయా?"
"ఆఁ, రెండు."

అక్కడ జారాను.
ఎన్ని అని అడగాల్సింది.
రెండు అన్న మాట నా నోట్లోంచి పోయి
ఆమె నోట్లోంచి తిరిగొచ్చింది,
చేబదులు ఇచ్చిన నోటు అదే మడతతో తిరిగొచ్చినట్టు.
ఇక ఆ రెండూ ఎవరివో
ఏ దేవుడూ విడదీయలేడు.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

అడుగుజాడ మీద సత్తు గిన్నె బోర్లించి
పైన రాయి పెట్టి
మూడు రోజులు కాపలా కాసిందామె.
గిన్నె ఎత్తితే మూడు వేళ్ళు. వెనక వేలు లేదు.
నా గొంతు తడారిపోయింది.
కానీ రాత్రుళ్ళు తిరిగే పెద్దకళ్ళ పిట్ట ఇంకొకటుంది,
దానికీ మూడే. అది కాస్త పెద్దది.
కొలిస్తే తేలిపోవాలి.
గిన్నె కింద చీమలకు ఈ సంగతి తెలియదు,
ఇసుక అంచులు కూల్చేసి దారి వేసుకున్నాయి.
ఒకసారి కొలిస్తే ఒక పిట్ట,
ఇంకోసారి కొలిస్తే ఇంకో పిట్ట.

మనవడి ఫోన్లో ఏడు సెకన్ల చప్పుడు.
గాలి, మేక మెడలో గంట, ఎవరిదో దగ్గు,
మధ్యలో రెండు పలుకులు.
మొదట తీతువులా వినిపించింది.
పదోసారికి కలివికోడి.
ఇరవయ్యోసారికి
అందులో పిట్టే లేదు, నేనే ఉన్నాను.

ఫారం మడుస్తుంటే తనంతట తనే అంది:
"అది ఎగర్లా సామీ.
నాలుగడుగులు ఉరికింది, నిలబడింది.
మళ్ళా ఉరికింది, నిలబడింది.
ఇంటికాడ ఏందో మరిచొచ్చిన మడిసి మాదిరి."
నేను అడగని మాట.
అందుకే కింద రెండు గీతలు గీశాను.
తీతువూ అట్లాగే నడుస్తుందని పక్కన రాయడానికి
చేయి మొరాయించింది.
రాశాను.

"ఉండాదని తేలితే కలివి కొట్టనియ్యరు గదా?"
ఉదయగిరి గరిటెల పనోళ్ళకి
వారానికి రెండు మోపులు వేస్తుందామె.
"కొట్టనియ్యరు."
"అనుకున్నా."
"మరి ఎందుకు చెప్పావమ్మా?"
కొడవలి వేరే చేతికి మార్చుకుంది.
"చూసినా గదా."

నష్టపోతూ చెప్పిన సాక్ష్యానికి
ఫారంలో గడి లేదు.
మార్జిన్లో చిన్న అక్షరాలతో ఇరికించాను.
పద్దెనిమిదో గడిలో: నిర్ధారణ కాలేదు.
చదివి వినిపించాను.

"అంటే నేను చూళ్ళేదనా?"
"చూశావు. ఏది చూశావో చెప్పడం నావల్ల కాలేదు."
"నీ వల్ల కాకుంటే
నా పేరు కింద ఎందుకు రాస్తివి?"

మేకలు కదిలాయి. ఆమె కూడా.
గిన్నె తీసుకెళ్ళింది, రాత్రి అన్నానికి కావాలంది.

ఉదయగిరిలో బస్సు ఆలస్యం.
దుకాణం ముందు గరిటెలు వేలాడుతున్నాయి,
ఒకటి తీసుకుని తిప్పి చూశాను.
"ఏం చెక్క?"
"కలివి సార్," అన్నాడు కుర్రాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.
వాసన చూశాను.
ఋజువు అడగలేదు,
డబ్బులిచ్చేశాను.